చూరులో దొరికిన ఎద్దు

మా ఇంట్లో ఎడ్లు మేత అడగవు, పేడ వేయవు. అందుకే బాన్సువాడలో రెండు గదుల కిరాయి ఇంట్లో కూడా అన్నిటినీ పెట్టుకోగలిగాను. ముందు గదిలో గోడకు కొట్టించిన అరల నిండా అవే. చెక్క ఎడ్లు, ఇత్తడి ఎడ్లు, కాళ్ళ కింద చక్రాలున్నవి, చక్రాలు ఊడిపోయి కుంటుతున్నవి. వాటి పక్కన ఒక రేకు ట్రాక్టర్. తాళంచెవి తిప్పితే ఒకప్పుడు ఉరికేదట, నా దగ్గరికొచ్చాక మాత్రం అంగుళం కదల్లేదు. ఎవరో ఏ జాతరలోనో కొన్న ప్లాస్టిక్ రైతు రుమాలు చుట్టుకుని నిలబడి ఉంటాడు. అతని పక్కన గంప ఎత్తుకున్న భార్య, వాళ్ళిద్దరికంటే ఎత్తుగా ఒక కోడిపుంజు. ఇంటికి చుట్టాలొస్తే మా ఆయన "రాండ్రి, కొట్టంల కూసోండ్రి" అంటాడు. వాళ్ళు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ మాట వినగానే ఎవరో ఒకరు లేచి ఏదో ఒక ఎద్దును తోక పట్టుకుని ఎత్తుతారు, నేను ఉరికి లాక్కుంటాను.

నేను బస్సు కండక్టర్‌ని. బీర్కూర్, పిట్లం, డోంగ్లి, ఏ రూట్ వేస్తే ఆ రూట్. ఈ బొమ్మల్లో సగానికి పైగా బస్సులోనే దొరికాయి. మొదటిది పిట్లం బస్సులో. ఒక అవ్వ ఒళ్ళో కట్టెల మూట పెట్టుకుని కూర్చుంది. మూటలోంచి ఒక చెక్క ఎద్దు మూతి బయటికి వచ్చి ఉంది. కూతురింట్లో పొయ్యిలోకి తీసుకుపోతున్నానంది.

"పొయ్యిలకా? నాకియ్యి అవ్వా" అన్నాను.

"నీకెంతమంది పిల్లలు బిడ్డా?"

పిల్లలకు కాదు, నాకే అని చెప్పాను. అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. ఎద్దును నా చేతిలో పెట్టి, దిగేదాకా మళ్ళీ నోరు విప్పలేదు. ఈ పిచ్చిదానితో మనకెందుకులే అనుకుని ఉంటుంది.

ఆ సంగతి ఎట్లా పాకిందో తెలియదు, కొన్నాళ్ళకు నా పేరు పోయి ఎడ్లక్క మిగిలింది. "ఎడ్లక్కా, మా అత్తమ్మ సందుగ పెట్టెల ఒకటున్నది, రేపు తెస్త" అని ఒకరు, "మా అటక మీద కాలు లేనిది ఉన్నది, పనికొస్తదా?" అని ఇంకొకరు. డోంగ్లి దగ్గర ఒకామె మరాఠీలో గడగడా ఏదో చెప్పింది. నాకు అర్థమైంది బైల్, అంటే ఎద్దు, అన్న ఒక్క మాటే, అది చాలు. ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితమయ్యాక ఈ రాకపోకలు ఇంకా పెరిగాయి. ఒకామె తువ్వాలలో చుట్టిన ఎద్దును పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, "అక్కా, నాకైతే జీరో టికెట్. మరి గిది మొగది గదా, దీనికి పూరా టికెట్ గొడ్తవా?" అని అడిగింది. బస్సంతా నవ్వింది. డ్రైవరన్న అయితే నవ్వు ఆపుకోలేక బండి పక్కకు ఆపాడు.

పోగేస్తున్నానే కానీ, ఎద్దు గురించి నాకు తెలిసింది తక్కువ. ఆడపిల్ల నాగలి ముట్టొద్దనే ఇంట్లో పెరిగాను కదా. ఒకసారి డోంగ్లి నుంచి వచ్చిన చెక్క ఎద్దూ, పిట్లం నుంచి వచ్చిన చెక్క ఎద్దూ ఒకే ఎత్తు, ఒకే రంగు తేలాయి. రెండింటి మెడకూ కాడి తాడు కోసం చిల్లు కూడా ఉంది. జోడి కుదిరిందని సంబరపడి మా అన్నకు చూపించాను. అన్న బీర్కూర్ దగ్గర మా ఊళ్ళోనే వ్యవసాయం చేస్తాడు. ట్రాక్టర్ వచ్చేదాకా ఎడ్లతోనే దున్నాడు. రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి పడీపడీ నవ్వాడు.

"రెండు దాపటియే తెచ్చినవ్ గదనే! రెండు ఎడమ కాళ్ళ చెప్పులు కొనుక్కొచ్చినట్టున్నది నీ కథ."

కాడికి ఎడమ పక్క కట్టేది దాపటి ఎద్దు, కుడి పక్క కట్టేది వలపటిది. ఒక పక్కకు అలవాటు పడ్డ ఎద్దు రెండో పక్కన నడవదు. బొమ్మలు చేసినవాళ్ళు కూడా ఆ పద్ధతి తప్పకుండా చిల్లు లోపలి వైపుకే పెట్టారు. నాకు ఆ ముక్క తెలియదు. అయినా వాటిని విడదీయలేదు. మా ఇంట్లో దున్నాల్సిన పొలం లేదు కాబట్టి రెండు దాపటివీ పక్కపక్కనే హాయిగా ఉన్నాయి.

బొమ్మల విషయంలో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. వచ్చినదాన్ని వచ్చినట్టే ఉంచుతాను. తుడవను, కడగను, రంగు వేయను. మొదట్లో తెలియక ఒకదాన్ని సబ్బు పెట్టి కడిగితే కొమ్ముల రంగుతో పాటు కళ్ళు కూడా పోయాయి. ఆ గుడ్డి ఎద్దును చూసినప్పుడల్లా నన్ను నేను తిట్టుకుంటాను. పాతదాని మీద మసి కూడా పాతదే, దాన్ని తీసే హక్కు మనకు లేదు అని అప్పటి నుంచీ అందరికీ చెబుతుంటాను, కాస్త గొప్పగానే.

ఇన్ని ఉన్నా నా దగ్గర పాత మట్టి ఎద్దు ఒక్కటీ లేదు. ఎవరి దగ్గరా ఉండదు. శ్రావణం చివర పొలాల అమావాస్య నాడు అసలు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు వేసి ఊరేగిస్తారు. ఇంట్లో ఆడవాళ్ళు మట్టితో ఎడ్లు చేసి, పీట మీద వరసగా నిలబెట్టి, బొట్టు పెట్టి, బక్షాలు నైవేద్యం పెట్టి మొక్కుతారు. మర్నాడు వాటిని తీసుకుపోయి కాలువలోనో చెరువులోనో కలుపుతారు. మొక్కిన మట్టి ఇంట్లో ఉండకూడదు. అందుకని ఏ ఏటి ఎడ్లు ఆ ఏడే కరిగిపోతాయి. వడ్రంగి చేసిన చెక్క ఎద్దు మిగులుతుంది కానీ, అమ్మ చేసిన మట్టి ఎద్దు మిగలదు.

మా అమ్మ చేసే ఎడ్లను చూడాల్సింది. అమ్మకు మాట తక్కువ, పని ఎక్కువ. నల్లమట్టిలో ఇంత వరిపొట్టు కలిపి, చపాతీ పిండి కంటే మెత్తగా పిసికి, నాలుగు ఎడ్లు చేసేది. ఒక్కొక్క కాలు లోపల చీపురు పుల్ల పెట్టేది. అట్లా పెట్టడం చుట్టుపక్కల ఇంకెవరికీ అలవాటు లేదు. మిగతా ఇళ్ళలో ఎడ్లు పూజ అయ్యేలోపే చతికిలబడితే, మా అమ్మవి మాత్రం నిటారుగా నిలబడి ఉండేవి.

నాకు ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో ఉన్నప్పుడు నేనూ ఒకటి చేశాను. మూపురం మెడ వెనక పెట్టాలని తెలియక నడుము మీద పెట్టాను. కాళ్ళేమో మడత పడ్డాయి. అయినా కొమ్ములున్నాయి, తోక ఉంది, నా లెక్కన అది ఎద్దే. ఆరాక తెచ్చి, పీట మీద అమ్మ ఎడ్ల వరసలో చివరగా గోడకు ఆనించి పెట్టాను. మా నాయినమ్మ చూసి, "గిదేందే, ఆడివిల్ల చేసిన ఎద్దు గిట్లనే ఉంటది" అంది. అన్న నేల మీద పడి దొర్లాడు. అమ్మ నవ్వలేదు. కుంకుమ భరిణె పట్టుకుని ఒక్కొక్క ఎద్దుకూ బొట్టు పెడుతూ వచ్చి, నాదాని దగ్గర ఆగింది. దాన్ని వరసలోంచి తీసింది. కాసేపు చేతిలో పట్టుకుని, లేచి లోపలికి తీసుకుపోయింది. వెంటబడి అడిగితే "పో, పోయి తిను" అంది. మళ్ళీ నేను ఆ ఎద్దును చూడలేదు.

పెంటకుప్ప మీద వెతికాను, కొట్టం వెనక వెతికాను. మర్నాడు అమ్మ నాలుగు ఎడ్లనూ గంపలో పెట్టుకుని కాలువకు పోతుంటే నేను వెంట పోలేదు. అన్న జొన్న బెండుతో చేసిన వంకర బండి మాత్రం విరిగేదాకా దేవుని గూట్లోనే ఉంది. నా ఎద్దుకు పీట చివర జాగా లేకపోయింది. చిన్నప్పటి కోపాలు పెద్దయితే పోతాయంటారు, నాది పోలేదు. అమ్మ పోయింది, కోపం మాత్రం ఉండిపోయింది. ఇన్ని ఎడ్లను ఎందుకు పోగేస్తున్నావని అడిగితే ఊరికే సరదా అంటాను. సరదా కాదు. అది మా అమ్మ మీద పంతం.

నిరుడు వానలకు ముందు అన్న పాత గూన పెంకుల కప్పు విప్పించి స్లాబు మొదలుపెట్టాడు. పెంకులు దింపుతుంటే చూరు కింద, గోడకూ వాసానికీ మధ్య సందులో పేలిక చుట్టిన మూట ఒకటి దొరికింది. విప్పితే మట్టి ఎద్దు. ఆ సాయంత్రమే అన్న ఫోన్ చేశాడు.

"అమ్మ చేసిన ఎద్దు దొరికిందే" అన్నాడు.

డ్యూటీ దిగి, బట్టలు కూడా మార్చుకోకుండా బీర్కూర్ బస్సెక్కాను. ఆ పేలిక అమ్మ చీరదే, ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. లోపల ఎద్దుకు ఏళ్ళ తరబడి పొగా, చెదలు మట్టీ పట్టి గడ్డకట్టాయి. వీపేదో మూపురమేదో తెలియడం లేదు. కింద కాళ్ళు మాత్రం నాలుగూ నిటారుగా ఉన్నాయి. ఒక కాలి చివర మట్టి రాలి, చీపురు పుల్ల బయటికి కనిపించింది. అమ్మ చేతి పనే, అనుమానం లేదు. అమ్మ చేతి వస్తువు ఇంకేదీ మాకు మిగల్లేదు. నా కోపం ఆ క్షణాన ఎటు పోయిందో, ఎద్దును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"నేను తీస్కపోత" అన్నాను.

"ఏడికి తీస్కపోతవ్?" అంటూ వదిన ఒక్క అంగలో వచ్చింది. "గిది మొక్కిన ఎద్దు. నీళ్ళల్ల కలపకుంట చూర్ల పెట్టి మర్సిండ్రు. గందుకే మా కొట్టంల ఒక్కటి నిలుస్తలేదు."

మా వదిన మంచి మనిషి. నేను పోతే కడుపు పగిలేలా పెట్టి పంపుతుంది. కానీ అంతకు ముందు ఏడాది ఆమె బర్రెలు రెండు పోయాయి. ఒకటి ఈనేటప్పుడు పోయింది, ఇంకొకటి ఎందుకు పోయిందో ఎవరికీ తెలియలేదు. మిగిలింది ఒక్కటే, అది చూడిది. పశువుల డాక్టర్ చెప్పినవన్నీ వదిన చేసింది. అయినా లోపల ఏదో ఒక ఫికర్ ఉండిపోయింది. చూరులో ఎద్దు దొరికేసరికి ఆ ఫికరంతా దాని మీదికి వచ్చి కూర్చుంది.

"వదినె, గది మట్టి. దానికి, బర్రెకు ఏం సంబంధం?"

"నీకు బస్సు తెలుసు. బర్రె నాకు తెలుసు" అంది.

అన్న వైపు చూశాను. అన్న మేస్త్రీతో ఇటుకల గురించి మాట్లాడటానికి అటు వెళ్ళిపోయాడు. చివరికి వదిన మాటే నెగ్గింది. పొలాల అమావాస్య దాకా ఎద్దు కొట్టం మూలన గంప కింద ఉంటుంది. ఆ ఏటి కొత్త ఎడ్లతో పాటు దాన్నీ కాలువలో కలుపుతారు.

ఆ మధ్య రోజుల్లో నేను చేయని ప్రయత్నం లేదు. సెలవు దొరికితే చాలు, అక్కడ వాలిపోయేదాన్ని. దానికి బదులు నా ఇత్తడి జోడి ఇస్తానన్నాను. "ఇత్తడి జోడి వచ్చి బర్రెకు పురుడు వోస్తదా?" అంది. మా ఇంటికి తీసుకుపోతే దోషం నాకే అంటుకుంటుంది కదా, మీకేం పోయిందన్నాను. "మొక్కింది గీ ఇంట్ల. ఏడ వెట్టినా గీ ఇంటికే" అంది. కొట్టంలో గంప ఎత్తి దాన్ని చూస్తూ కూర్చునేదాన్ని. ఒకసారి వదిన చీపురు ఈనెతో మసి గీకబోతే కేకలు పెట్టాను, తుడవొద్దని. "పురాగ పిచ్చే నీకు. మురికి గూడ దాచుకుంటవా కండక్టరమ్మా?" అని నవ్వింది. అంత గొడవలోనూ చాయ్ మాత్రం మానేవాళ్ళం కాదు.

ఒకనాడు సాయంత్రం నేను వెళ్ళేసరికి వదిన కొట్టంలో ఉంది. బర్రె పొట్ట మీద చెయ్యి వేసి, దాని చెవి దగ్గర ఏదో చెబుతోంది. నేను వచ్చింది చూసుకోలేదు. ఏం చెబుతోందో వినబడలేదు కానీ ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. దొంగతనంగా తీసుకుపోదామా అని కూడా అంతకు ముందు అనుకున్నాను. తీసుకుపోయాక ఆ బర్రెకు ఏమన్నా అయితే? నా అరలో ఆ ఎద్దును చూడగలనా? వదిన ముఖం చూడగలనా? అమ్మ చేతి పని పోతే పోనీ అనుకున్నాను. అట్లా అనుకోవడానికి నాకు చాలా కష్టమైంది. ఆ రోజు నుంచి మళ్ళీ అడగలేదు.

అమావాస్య మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాను. నిజాంసాగర్ కాలువ నిండుగా పారుతోంది, రెండు వైపులా నాట్లు పడిన మళ్ళు. వదిన గంపలో తను చేసిన నాలుగు ఎడ్లూ, వాటి పక్కన ఈ పాతదీ పెట్టుకుంది. వెనక అన్న, అతని వెనక నేను. గట్టు దిగి నీళ్ళ పక్కన కూర్చుని, సాగనంపే ముందు మళ్ళీ ఒకసారి బొట్టు పెట్టాలని వదిన భరిణె తీసింది. కొత్తవాటికి పెట్టింది. పాతదాన్ని చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది.

"నొసలు కనవడ్తలేదు. ఇప్పుడన్న తుడవనిస్తవా?"

ఎట్లాగూ కరిగిపోయేదానికి నా నియమం ఎందుకు? తుడవమన్నాను.

వదిన కొంగు చివర నీళ్ళలో ముంచి, నుదుటి మీద మెల్లగా రుద్దింది. మసి ముద్దగా ఊడింది. ఇంకోసారి రుద్దింది. ఆగింది. ఎద్దును వెలుతురుకు తిప్పి చూసింది.

"గిదేంది, దీనికి బొట్టు లేదు."

"పొయ్యుంటది" అన్నాడు అన్న.

"యాడ పోతది? పచ్చి మట్టి కుంకుమను తాగుతది. నువ్వు గీకినా ఎరుపు పోదు. పసుపు మరక గూడ లేదు సూడు. దీనికి ఎవ్వరు మొక్కలే."

అంటూనే కొంగుతో వీపు తుడిచింది. మట్టి పెళ్ళ ఊడి నీళ్ళలో పడింది. నడుము మధ్యలో, ఉండకూడని చోట, మూపురం.

అన్న గట్టు మీద నుంచి కిందికి దూకినట్టు వచ్చాడు. "గిది నీది గదనే" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

నేను చేతిలోకి తీసుకున్నాను. మూపురానికి రెండు పక్కలా నొక్కిన గుంటలున్నాయి. నా బొటనవేళ్ళు పెట్టి చూశాను. కొసలు తప్ప పట్టలేదు, అంత చిన్నవి. నేను చేసిన మడత కాళ్ళు లేవు. వాటిని తీసేసి, చీపురు పుల్లలు పెట్టి, అమ్మ తన కాళ్ళు అతికింది. నడుము నాది, కాళ్ళు అమ్మవి. దాన్ని వదిన ముందుకు చాపాను. వదినే అంది.

"మొక్కితే నీళ్ళపాలు జెయ్యాలె గదా. గందుకే బొట్టు వెట్టకముందే తీసింది మీ అమ్మ. బిడ్డ చేసిందని."

"మరి గిన్నేండ్లు చెప్పొద్దా?" అన్నాడు అన్న.

"చెప్తే ఈమె ఊకుంటదా? ఇయ్యమని ఏడ్సి, తీస్కొని, తెల్లారకముందే పలగ్గొట్టేది."

అక్కడే తడి గట్టు మీద కూలబడి ఏడ్చాను. సంతోషమే, కాదనను. కానీ అమ్మ మీద కొత్తగా ఇంకో కోపం కూడా వచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? పెద్దయ్యాకైనా, పెళ్ళయ్యాకైనా, ఆఖరికి మంచాన పడ్డప్పుడైనా? దాచిన సంగతి తనే మరిచిపోయిందో, నాకు గుర్తులేదనుకుందో. ఇగ అడగడానికి మనిషి లేదు. అన్న పక్కన కూర్చుని ఏం చేయాలో తెలియక నా భుజం మీద చెయ్యి వేశాడు. వదిన మాత్రం కాసేపు కాలువ వైపు చూస్తూ, "అయితే నా బర్రెలు ఎందుకు వొయినయో మరి" అని తనలో తను అనుకుంది. తర్వాత ఆ చూడి బర్రె సుఖంగానే ఈనింది. దానికీ ఈ ఎద్దుకూ సంబంధం లేదని ఇప్పుడు వదినే అందరికీ చెబుతుంది.

ఆమె నాలుగు ఎడ్లనూ ఒక్కొక్కటిగా నీళ్ళలోకి దించింది. అవి కాస్త దూరం పోయి, పక్కకు ఒరిగి, మునిగాయి. నేను నా ఎద్దును అమ్మ చీర పేలికలో చుట్టబోతున్నాను. వదిన చేతులు కడుక్కోబోయి ఆగి, నా పక్కన కూర్చుంది. కుంకుమ ఇంకా ఆమె వేలికి ఉంది.

"పాపం, దీనికి ఎన్నడు బొట్టే లేకపాయె. నేనన్న పెడ్త ఆగు" అని వేలు చాపింది.

నేను గబుక్కున ఎద్దు నుదుటికి నా అరచెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దు వదినె" అన్నాను. "పెడ్తే మల్ల నీళ్ళల్ల ఎయ్యాలె."